పంది కణాల లివర్ మెషీన్ ఎక్కడ దొరుకుతుంది? ప్రొద్దుటూరు ప్రశ్నకు జవాబు

ప్రొద్దుటూరు నుంచి ఒకావిడ అడిగారు. వాళ్ల తమ్ముడికి 31 ఏళ్లు. పన్నెండు రోజుల కిందట కళ్లు పచ్చబడ్డాయి. మొదటి వారం ఊళ్లోనే ఆకు పసరు తాగించారు. ఇప్పుడు కడపలో ఐసీయూలో ఉన్నాడు. బిలిరుబిన్ (రక్తంలో చేరే కామెర్ల పసుపు) 22, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే పరీక్ష) 4.2. నిన్నటి నుంచి పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ, మాట తడబడుతోంది. లివర్ మార్పిడి అవసరం పడొచ్చని డాక్టర్లు చెప్పారు. లివర్ దొరికే దాకా పంది కణాలతో నడిచే మెషీన్ మీద ఉంచొచ్చని బంధువులు వాట్సాప్‌లో ఒక వీడియో పంపారట. ఆ మెషీన్ హైదరాబాద్‌లో ఉందా, చెన్నైలో ఉందా, ఖర్చెంత, తాము ముస్లింలు కాబట్టి పందిది వాడొచ్చా అన్నవి ఆవిడ ప్రశ్నలు.

సూటిగా చెప్తాను అమ్మా. ఆ మెషీన్ హైదరాబాద్‌లో లేదు, చెన్నైలో లేదు, బెంగళూరులో లేదు. ఆస్తులమ్మి అమెరికా తీసుకెళ్లినా మామూలు చికిత్సగా ఇచ్చే ఆసుపత్రి అక్కడా లేదు. ఇప్పటిదాకా జరిగినవన్నీ ట్రయల్సే. దాన్ని వెతకడంలో ఒక్క గంట కూడా పోనివ్వకండి. మీ తమ్ముణ్ణి ఈరోజే, వీలైతే చీకటి పడకముందే, లివర్ మార్పిడి చేసే ఆసుపత్రికి తరలించండి. మిగతాది దారిలో చదువుకోవచ్చు.

నేను చాలాకాలం హైదరాబాద్‌లో లివర్ ఐసీయూలో పనిచేసి ఇప్పుడు కర్నూలులో ప్రాక్టీస్ చేస్తున్నాను. రోగిని చూడకుండా మందులు మార్చమని చెప్పను. తొందర ఎందుకో చెప్పడానికి మాత్రం మీరిచ్చిన అంకెలు చాలు.

మన జిల్లాల్లో కామెర్లంటే అందరూ బిలిరుబిన్ వెంట పడతారు. నిన్న 24, ఇవాళ 22, తగ్గిందిలే అని ఊపిరి పీల్చుకుంటారు. చూడాల్సింది ఐఎన్‌ఆర్. రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో అది చెప్తుంది. మామూలుగా 1 దగ్గర ఉండాలి. గడ్డకట్టించే పదార్థాలను తయారుచేసేది లివరే కాబట్టి, అది ఎంతవరకు పనిచేస్తోందో ఈ అంకెలో కనబడుతుంది. బిలిరుబిన్ తగ్గుతూ ఐఎన్‌ఆర్ పెరుగుతుంటే సంతోషించాల్సిందేమీ లేదు.

లండన్ కింగ్స్ కాలేజ్ ఆసుపత్రి వాళ్లు 1989లో పెట్టిన కొలమానాన్ని ఇప్పటికీ వాడతాం. పారాసెటమాల్ వల్ల కాకుండా లివర్ హఠాత్తుగా దెబ్బతిని, మత్తు (లివర్ చెడటం వల్ల మెదడు మందగించడం) మొదలైన రోగిలో ఐదు విషయాలు చూస్తాం. వయసు 10 లోపు లేదా 40 పైన ఉండటం, కారణం ఏదైనా మందు కావడం లేదా అసలు తేలకపోవడం, కామెర్లు కనిపించాక 7 రోజులు దాటి మత్తు రావడం, ఐఎన్‌ఆర్ 3.5 దాటడం, బిలిరుబిన్ 17.5 దాటడం. ఇందులో ఏ మూడు ఉన్నా మార్పిడి లేకుండా గట్టెక్కడం కష్టమని అర్థం. ఐఎన్‌ఆర్ ఒక్కటే 6.5 దాటినా అంతే. మీ తమ్ముడికి మూడు ఇప్పటికే ఉన్నాయి. పసరే కారణమని తేలితే నాలుగు.

పగలు నిద్ర, రాత్రి మెలకువ అని మీరు రాసింది నీరసం వల్ల కాదు. లివర్ ఆపలేకపోయిన అమ్మోనియా అనే విషం మెదడుకు చేరుతోందన్నమాట. అతన్ని రెండు చేతులూ ముందుకు చాపి, మణికట్టు పైకి వంచి, వేళ్లు విడదీసి ఉంచమనండి. చేతులు నిలవకుండా ఉండుండి ఒక్కసారి కిందికి జారి మళ్లీ లేస్తుంటే వెంటనే డ్యూటీ డాక్టరుకు చూపించండి. ఒక కాగితం మీద పూటపూటకూ పేరు, ఊరి పేరు రాయించండి. పొద్దున నిటారుగా ఉన్న అక్షరాలు సాయంత్రానికి గీత తప్పి, ఒత్తులు ఎగిరిపోయి, పేరు సగంలో ఆగిపోతే చాలా రక్తపరీక్షల కంటే ముందే మీకు సంగతి తెలుస్తుంది. ఆ కాగితాలు పారేయకండి, వెంట తీసుకెళ్లండి. కొత్త డాక్టరుకు అవి బాగా పనికొస్తాయి.

నిద్ర పట్టడం లేదని, గొడవ చేస్తున్నాడని నిద్ర ఇంజెక్షన్ అడగకండి. షుగర్ గంట గంటకూ చూడమనండి. లివర్ చతికిలబడితే షుగర్ చెప్పకుండా పడిపోతుంది, దాన్ని కూడా మత్తే అనుకుంటారు. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ డ్రిప్ మొదలుపెట్టారో లేదో కనుక్కోండి. అరుదైన మందేమీ కాదు, పెద్ద ఖరీదూ కాదు. 2009లో అమెరికాలో 173 మందితో చేసిన ట్రయల్‌లో, మత్తు ఇంకా తొలి దశల్లో ఉన్నవాళ్లలో మార్పిడి లేకుండా బతికినవాళ్లు ఈ మందు ఇస్తే 52 శాతం, ఇవ్వకపోతే 30 శాతం. మత్తు ముదిరాక ఇచ్చినవాళ్లకు ఆ లాభం కనబడలేదు. మీ తమ్ముడు ఇంకా తొలి దశలోనే ఉన్నట్టు మీ మాటల్ని బట్టి తోస్తోంది.

ఏ ఊరికి అన్నది రెండు ఫోన్లలో తేల్చండి. ప్రొద్దుటూరు వాళ్లకు హైదరాబాద్ అలవాటు, కానీ కడప నుంచి అది 400 కిలోమీటర్లు దాటుతుంది. చెన్నై, బెంగళూరు దాదాపు 250, 270. ముందు ఆ ఆసుపత్రి ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌తో మాట్లాడి, ఐసీయూ బెడ్ ఖాయమయ్యాకే బయల్దేరండి. పిలిస్తే పలకని స్థితి వస్తే కడపలోనే గొంతులో ట్యూబ్ వేసి, వెంటిలేటర్ ఉన్న అంబులెన్స్‌లో పంపమనండి. కుదుపుల్లో, సగం వెలుతురులో దారి మధ్య ట్యూబ్ వేయడం ఎవరికైనా నరకమే.

ఇక వీడియో సంగతి. అందులో చెప్పింది పచ్చి అబద్ధం కాదు, సగం నిజం. మన దగ్గర సగం నిజాలే ఎక్కువ ప్రాణాలు తీస్తాయి.

కిడ్నీ పోతే డయాలిసిస్ మీద ఏళ్ల తరబడి నెట్టుకురావచ్చు. లివర్‌కు అలాంటి ఏర్పాటు లేదు. విషాలను వడగట్టడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. ఆల్బుమిన్ అనే ప్రోటీన్ చేయాలి, రక్తం గడ్డకట్టించే పదార్థాలు చేయాలి, షుగర్ దాచి ఇవ్వాలి, అమ్మోనియాను యూరియాగా మార్చాలి. ఇన్ని పనులు ఫిల్టరు చేయలేదు, బతికున్న లివర్ కణాలే చేయాలి. అంతమంది రోగులకు సరిపడా మనిషి కణాలు ఎక్కడ దొరుకుతాయి? అందుకే శాస్త్రవేత్తల చూపు పంది మీద పడింది. దాని అవయవాల సైజు మనకు దగ్గర, ఒక ఈతలో బోలెడు పిల్లలు, పెంపకం తేలిక.

అనంతపురం వైపు కరువు ఏళ్లలో చీనీ తోటలకు ట్యాంకర్లతో నీళ్లు తోలుతారు. కాపు కోసం కాదు, వాన పడేదాకా చెట్టు చావకుండా నిలపడానికి. ఈ మెషీన్లన్నీ ఆ ట్యాంకర్లే. ఇక్కడ వాన అంటే కొత్త లివరైనా కావాలి, సొంత లివర్ మళ్లీ తేరుకోవడమైనా కావాలి. దెబ్బతిన్న లివర్ తిరిగి పెరగగలదు కాబట్టే కొన్నాళ్లు గడిపితే చాలన్న ఆశ పుట్టింది.

ఈ దారిలో అన్నిటికంటే దూరం వెళ్లింది హెపట్‌అసిస్ట్ అనే మెషీన్. లాస్ ఏంజెలెస్‌లోని సీడర్స్-సైనాయ్ ఆసుపత్రిలో అకిలీస్ డెమెట్రియూ బృందం దీని వెనక ఉంది. రోగి రక్తం నుంచి ప్లాస్మాను (కణాలు తీసేస్తే మిగిలే ద్రవాన్ని) వేరుచేసి, ముందు బొగ్గు నింపిన గొట్టం గుండా పంపి, వెచ్చబెట్టి, ఆక్సిజన్ కలిపి, ఒక కాట్రిడ్జ్‌లోకి వదిలేవారు. కాట్రిడ్జ్ లోపల సన్నటి బోలు దారాల కట్ట ఉంటుంది. దారాల లోపలి నుంచి ప్లాస్మా పోతుంది, బయటి వైపు పంది లివర్ కణాలు అంటిపెట్టుకుని ఉంటాయి. దారం గోడలకున్న రంధ్రాల్లోంచి విషాలు అటు, కణాలు తయారుచేసినవి ఇటు వస్తాయి. కణాలు మాత్రం దాటి రోగిలోకి రాలేవు. విడతకు 6 గంటలు.

కాట్రిడ్జ్‌లో 700 కోట్ల కణాలు పెట్టేవారు. వినడానికి మహా సముద్రంలా ఉంది కదా? పెద్ద మనిషి లివర్ దాదాపు ఒకటిన్నర కిలో. ఈ 700 కోట్ల కణాలు వంద గ్రాముల లివర్‌కు కూడా సరిపోవు. ప్రాణం నిలవాలంటే కనీసం పదో వంతైనా పనిచేసే లివర్ ఉండాలన్నది మామూలు అంచనా. పైగా అవి ఫ్రీజ్ చేసి దాచి, కరిగించి వాడిన కణాలు. శరీరం బయట పెట్టిన లివర్ కణం ప్రాణంతో ఉన్నా తన పనిని చాలా తొందరగా మరిచిపోతుంది.

అమెరికా, యూరప్‌లలో 171 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. 30 రోజులకు బతికున్నవాళ్లు మెషీన్ పెట్టినవాళ్లలో 71 శాతం, పెట్టనివాళ్లలో 62 శాతం. తేడా ఉంది, కానీ అది మెషీన్ వల్లేనని చెప్పేంత బలం లెక్కల్లో లేదు. హఠాత్తుగా లివర్ పోయినవాళ్లను మాత్రమే విడదీసి, మిగతా విషయాలు సర్దుబాటు చేసి చూస్తే లాభం కనిపించింది. అమెరికా నియంత్రణ సంస్థకు అది చాలలేదు. మెషీన్ మార్కెట్లోకి రాలేదు. మీ వీడియోలో ఆ 71 శాతమే చెప్పి ఉంటారు, పక్కనున్న 62ను మింగేసి ఉంటారు.

పంది గొడవే వద్దనుకుని ఇంకో కంపెనీ మనిషి లివర్ ట్యూమర్ నుంచి పెంచిన కణాలతో ఎలాడ్ అనే మెషీన్ చేసింది. ఆ కణాలు ఎన్ని కావాలంటే అన్ని పెరుగుతాయి. అందుకే ఇక్కడ ఏకంగా 440 గ్రాముల కణాలు పెట్టి, 3 నుంచి 5 రోజులు ఆపకుండా నడిపారు. చిక్కేమిటంటే అమ్మోనియాను యూరియాగా మార్చే పని వాటికి సరిగా రాదు. మద్యం వల్ల లివర్ వాచినవాళ్ల మీద 2015లో ఒకసారి, 2018లో ఇంకోసారి పెద్ద ట్రయల్స్‌లో మెషీన్ ఓడిపోయింది. కంపెనీ ఆ ప్రయత్నమే మానుకుంది.

కణాలు లేకుండా ఆల్బుమిన్‌తో విషాలను లాగే మార్స్ అనే మెషీన్ కథ వేరు. అది చాలా దేశాల్లో వాడకంలోకి వచ్చింది. ఫ్రాన్స్‌లో 102 మందితో చేసిన ట్రయల్ 2013లో అచ్చయింది. అందులో నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. చాలామందికి మెషీన్ పనితనం తేలేలోపే లివర్ దొరికింది, మధ్యస్థంగా 16 గంటల్లో! ట్యాంకర్ వచ్చేలోపే వాన. మన కడప నుంచి అంబులెన్స్ మాట్లాడి, బెడ్ ఖాయం చేసుకుని, ఊరు చేరడానికే అంత పడుతుంది.

పంది కణాలంటే ఇంకో భయం వైరస్. పంది జన్యువుల్లోనే ఇమిడిపోయిన ఒక రకం రెట్రోవైరస్ ప్రయోగశాలలో మనిషి కణాలకు అంటుకుంటుందని 1997లో తేలింది. అమెరికాలో ట్రయల్స్ కొంతకాలం ఆపించారు. పంది కణజాలంతో అప్పటికే చికిత్స పొందిన 160 మందిని వెతికి పరీక్షిస్తే ఎవరికీ సోకిన ఆధారం దొరకలేదని 1999లో ప్రకటించారు. నా మట్టుకు నాకు వైరస్ భయం కంటే కణాల చేతగానితనమే పెద్ద సమస్య అనిపిస్తుంది.

అందుకే ఇప్పుడు గాలి మళ్లింది. కణాలను విడదీసి కాట్రిడ్జ్‌లో నింపే బదులు, జన్యువులు మార్చిన పంది లివర్‌ను మొత్తంగా శరీరం బయట ఒక పంపింగ్ మెషీన్‌లో ఉంచి, రోగి రక్తాన్ని అందులోంచి తిప్పడం. 1960ల్లో మామూలు పంది లివర్‌తో ప్రయత్నించి వదిలేసిన పద్ధతే ఇది. కొత్తది జన్యు మార్పిడి. ఈజెనెసిస్ కంపెనీ పందుల్లో 69 మార్పులు చేశారు. వాటిలో 59 ఆ రెట్రోవైరస్‌ను పనిచేయకుండా చేసేవే. 2023 డిసెంబరులో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో, బ్రెయిన్ డెడ్ అయిన ఒక వ్యక్తికి కుటుంబం ఒప్పుకోలుతో అలాంటి లివర్‌ను బయటి నుంచి కలిపి 72 గంటలు నడిపారు. 2025 ఏప్రిల్‌లో రోగుల మీద తొలి ట్రయల్‌కు అనుమతి వచ్చింది, 20 మంది వరకు. చైనాలోని అన్‌హుయ్‌లో 2024 మేలో 71 ఏళ్ల వ్యక్తికి పంది లివర్‌ను కడుపులోనే తోడుగా పెట్టారు. 38వ రోజున తీసేయాల్సి వచ్చింది, ఆయన 171 రోజులు బతికారు. పదేళ్ల తర్వాత ఇదే ప్రశ్న అడిగితే నా జవాబు మారొచ్చు. మీ తమ్ముడికి పదేళ్లు కాదు, రోజులే ఉన్నాయి.

(మన దేశంలో ఎవరూ సాహసించలేదని కాదు. 1997లో అస్సాంలో ధనీరామ్ బరువా అనే సర్జన్ పంది గుండెను మనిషికి పెట్టారు. రోగి చనిపోయాడు, డాక్టరు జైలుకు వెళ్లారు.)

మరి మన చేతిలో ఉన్న ట్యాంకర్ ఏది? ప్లాస్మా ఎక్స్ఛేంజ్. పేరు పెద్దగా మోగదు, వీడియోలు రావు. మెడ దగ్గర పెద్ద నరంలో గొట్టం పెట్టి రక్తాన్ని మెషీన్‌లోకి లాగుతారు. ఎర్ర కణాలు వెనక్కి పోతాయి, ప్లాస్మా బయటికి పోతుంది, దాని స్థానంలో దాతల ప్లాస్మా ఎక్కుతుంది. మంచం పక్కన వేలాడే పారబోత సంచిలో నిండేది మామూలు లేత పసుపు కాదు, ఆకుపచ్చ కలిసిన ముదురు పసుపు. ఇటువైపు నర్సు 37 డిగ్రీల నీళ్లలో కరిగించిన ప్లాస్మా సంచులను గ్రూప్ చూసి, నంబరు చదివి, ఒక్కొక్కటే తగిలిస్తుంటుంది. గంటలు పడుతుంది. అప్పుడప్పుడు రోగి పెదాలు తిమ్మిరెక్కుతున్నాయంటాడు, కాల్షియం ఇస్తాం.

యూరప్‌లో 182 మందితో చేసి 2016లో అచ్చయిన ట్రయల్‌లో మూడు రోజుల పాటు రోజూ శరీర బరువులో 15 శాతం దాకా ప్లాస్మా మార్చారు. ఆసుపత్రి నుంచి బతికి వెళ్లినవాళ్లు 58.7 శాతం, మామూలు చికిత్సలో 47.8 శాతం. అంత ప్లాస్మా మన దగ్గర కష్టమని ఢిల్లీలోని లివర్ ఆసుపత్రి ఐఎల్‌బీఎస్ వాళ్లు తక్కువ పరిమాణంతో 40 మందిలో చేశారు. మెదడు వాపు ఉన్నవాళ్లే అందరూ. 21 రోజులకు మార్పిడి లేకుండా బతికినవాళ్లు 75 శాతం, మామూలు చికిత్సలో 45. చిన్న ట్రయలే, కానీ మన రోగులు, మన ఐసీయూ. ఎలుకల మందు వల్ల లివర్ దెబ్బతిన్నవాళ్లకు వేలూరు సీఎంసీ వాళ్లు కూడా తక్కువ పరిమాణంతోనే చేస్తున్నారు. కాబట్టి ఫోన్‌లో కోఆర్డినేటర్‌ను అడగాల్సిన ప్రశ్న ఇది: "ప్లాస్మా ఎక్స్ఛేంజ్ ఈ రాత్రే మొదలుపెట్టగలరా?" పంది మెషీన్ గురించి అడిగితే పాపం వాళ్లేం చెప్తారు.

ఇది కూడా ట్యాంకరే అమ్మా. వాన సంగతి పక్కనే చూసుకోవాలి. ఆ రాష్ట్రపు అవయవదాన జాబితాలో (మన దగ్గర జీవన్‌దాన్) పేరు నమోదు చేయిస్తారు, హఠాత్తుగా లివర్ పోయినవాళ్లకు ప్రాధాన్యం ఉంటుంది. అయినా దాని మీదే కూర్చోవద్దు. మన దేశంలో లివర్ మార్పిడుల్లో ఎక్కువ భాగం ఇంట్లోవాళ్లు ఇచ్చే సగం లివర్‌తోనే జరుగుతున్నాయి. అతని భార్య, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, మీరు, ఎవరైనా 18 నుంచి 55 మధ్య వయసు, గ్రూప్ కలిసేవాళ్లు, లివర్‌లో కొవ్వు లేనివాళ్లు ఇవ్వొచ్చు. కుడి వైపు 60 శాతం పైగా తీస్తారు, మిగిలింది కొన్ని వారాల్లో దాదాపు పూర్తి సైజుకు పెరుగుతుంది. ఇచ్చేవాళ్లకు ప్రమాదమే లేదని ఎవరైనా అంటే నమ్మకండి. వెయ్యి మందిలో ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ప్రాణాపాయం ఉందని చెప్పే లెక్కలున్నాయి. అది తెలిసి, ఎవరి బలవంతమూ లేకుండా ఒప్పుకున్నవాళ్లే రావాలి. కోడలివి కాబట్టి నువ్వే ఇవ్వాలని ఇంట్లో పెద్దలు ఒత్తిడి పెట్టడం నేను చూశాను. దాతతో డాక్టరు ఒంటరిగా మాట్లాడతారు. "నేను ఇవ్వలేను" అని అక్కడ చెప్పేసినా కారణం బయటికి రాకుండా "సరిపోలేదు" అని రాసేస్తాం.

మీరు అడిగిన మతం విషయం. ఇప్పుడు చేయబోయే ప్లాస్మా ఎక్స్ఛేంజ్‌లోగానీ, దాత లివర్‌లోగానీ పంది కణాలేమీ లేవు, కాబట్టి ఈ పూటకు ఆ బెంగ వద్దు. ఒక మాట మాత్రం చెప్పాలి. గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా ప్రపంచమంతా వాడే హెపారిన్‌లో ఎక్కువ భాగం పంది పేగుల నుంచే వస్తుంది. కడపలోనూ కర్నూలులోనూ డయాలిసిస్ చేయించుకునే ముస్లిం సోదరులు చాలామందికి అది ఏళ్లుగా ఎక్కుతూనే ఉంది. ప్రాణం మీదికి వచ్చి వేరే దారి లేనప్పుడు జరూరత్ కింద అనుమతి ఉందని చాలామంది ఉలమాలు చెప్తారు. నేను డాక్టర్ని, ముఫ్తీని కాను. మీ మనసు కుదుటపడాలంటే మీ ముఫ్తీ సాబ్‌కు ఒక ఫోన్ చేయండి. అంబులెన్స్ ఆపి మాత్రం కాదు.

ఖర్చు. ప్రైవేటులో మార్పిడికి 20 నుంచి 30 లక్షలని చెప్తారు. ప్లాస్మా ఎక్స్ఛేంజ్ ఆసుపత్రిని బట్టి, ఎన్ని విడతలన్న దాన్ని బట్టి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మొదటి రోజే చూపించి, ఆ ఆసుపత్రికి వర్తిస్తుందో లేదో కనుక్కోండి. ముఖ్యమంత్రి సహాయ నిధి కోసం మీ ఎమ్మెల్యే ఆఫీసుకు ఒకరిని ఇవాళే పంపండి. చికిత్సకు ముందే ఇచ్చే ఎల్‌ఓసీ (డబ్బు ఇస్తామన్న హామీ పత్రం) అడగాలి. బిల్లు కట్టాక పరిగెత్తితే డబ్బు వచ్చేసరికి వడ్డీ మిగులుతుంది.

వెంట తీసుకెళ్లాల్సినవి: కడపలో చేసిన అన్ని రిపోర్టులు, ఐఎన్‌ఆర్ ఏ రోజు ఎంతో వరుసగా రాసిన కాగితం, రోగివీ దాతలుగా వచ్చేవాళ్లవీ ఆధార్ కార్డులు, బంధుత్వం చూపే రేషన్ కార్డు, పెళ్లి అయితే నికానామా, స్కూల్ సర్టిఫికెట్. ఆ పసరు ఇచ్చినవాళ్లతో తగవు తర్వాత పెట్టుకోవచ్చు. ముందు అందులో ఏ ఆకు వేశారో అడిగి రాసుకోండి, మిగిలి ఉంటే సీసాలో పోసి తీసుకెళ్లండి. దాతగా ఎవరు అనుకుంటున్నారో వాళ్లు ఈ రాత్రి నుంచి మద్యం తాగకుండా, పొగ ముట్టకుండా, అంబులెన్స్ వెనకే కారులో రావాలి. స్కాన్లు, రక్తపరీక్షలు మొదలుపెట్టడానికి కోఆర్డినేటర్ ముందు వెతికేది వాళ్లనే.